ఎనిమిదో ప్రశ్న

నర్సు జ్యోత్స్న ముందు పేరు అడగదు. పేరు రాయగానే మగవాళ్ళు సగం దాచేస్తారని ఈ పనిలో చేరిన నాలుగు నెలల్లోనే ఆమెకు తెలిసిపోయింది. పేరు గడి ఖాళీగా వదిలి నేరుగా ప్రశ్నల్లోకి దిగుతుంది.

రేగొండ దవాఖానలో ప్రతి గురువారం ఆమె ముందు ముసలివాళ్ళ వరస. వయసు మీద పడ్డాక మగవాళ్ళకు ప్రొస్టేట్ గ్రంథి పెరిగి మూత్రానికి అడ్డం పడుతుంది. ఆ బాధ ఎంతో ఏ యంత్రమూ చూపించదు. మనిషి నోటితో చెప్పాలి. అందుకే కాగితం మీద ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు. ఇరవైకి లోపు అయితే మాత్రలు. దాటితే ఆ రోజే భూపాలపల్లికి, ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గరికి.

ఆడపిల్ల ముందు ఆ మాటలు చెప్పడానికి వాళ్ళకు నోరు రాదు. అందుకని బల్ల మీద ఐదు చింతగింజలు పెట్టింది. బాధ ఎంత ఉంటే అన్ని గింజలు ముందుకు జరిపితే చాలు.

పోశాలు అనే ముసలాయన ఆఖరి గింజ జరిపి నవ్వాడు. "బడిల ఎన్నడు ఇన్ని మార్కులు రాలే నాకు."

"గీ మార్కులు తక్కువొస్తేనే పాసు తాతా. పో, మాత్రలు తీస్కో."

తర్వాత వచ్చినాయనకు అరవై ఉంటాయి. నున్నటి గుండు. మీసం కూడా లేదు.

"ఎములాడ గుడిల ఎంటికలిచ్చొచ్చినవా పెద్దయ్యా?" మాట కలపడానికి అడిగింది.

ఆయన గుండు తడుముకున్నాడు. "నీ కాగితంల ఏమున్నయో అడుగు బిడ్డా."

"ఒంటికి పోయొచ్చినంక గూడ లోపల ఇంక మిగిలినట్టే ఉంటదా?"

నాలుగు గింజలు జరిగాయి. కాస్త ఆగి ఐదోది కూడా.

"రెండు గంటలు గాకముందే మళ్ళ పోవుడుంటదా?"

"రెండు గంటలా? అర్ధగంటకే. 'ఇప్పుడే గద పోయొస్తివి, మళ్ళేడికి' అని ఇంట్ల కసురుడు." ఐదు.

"ఆగి ఆగి వస్తదా?"

నాలుగు.

"ఆపుకునుడు కష్టమా?"

"ధోతి తడుస్తది. చుట్టాల పెండ్లికి తీస్కపోలే. బస్సుల నలుగురి ముంగట ఇజ్జత్ పోతదని." ఐదు.

ధార సన్నబడిందా అంటే ఐదు. ముక్కాల్సి వస్తుందా అంటే నాలుగు. ఇంత కచ్చితంగా చెప్పేవాళ్ళను ఆమె చూడలేదు. ప్రతి గింజా తూకం వేసినట్టు జరుపుతున్నాడు.

"రాత్రి ఎన్నిసార్లు లేచుడు?"

"నీ తాన ఐదు గింజలే ఉన్నయి గద," అన్నాడు. "ఊకె తలుపు చప్పుడైతుందని మంచం వసారల ఏసిండు."

"ఎవరు?"

"కొడుకు."

"ఎండకాలమా?"

"చలికాలం."

జ్యోత్స్న పెన్ను పక్కన పెట్టింది. "సదువుకున్నోడేనా?"

"డిగ్రీ."

"సంబురమే. గా కొడుకును ఒకపారి నా దగ్గరికి తోల్కరా. నాలుగు మాటలు నేనంట."

"ఇప్పుడే అను బిడ్డా. వానికి అందుతయి."

ఎదుట లేని మనిషిని అనడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. కానీ కోపం ఆగలేదు. "కన్నతండ్రి బాధైతుందని నోటితోని చెప్తె ఇనకపోతే, ఇంకెట్ల చెప్పాలె? గిది పుండు గాదు కండ్లకు కనబడెతందుకు. చెప్పిందే లెక్క. ముసలోని నస అని తీసిపారేస్తే వాడు కొడుకెట్లయితడు? పక్కింటోడు నయం. పక్కింటోడన్న ఏమైందని అడుగుతడు."

ఆయన తల వంచుకుని విన్నాడు. ఆమె ఆగితే, "ఇంక?" అన్నాడు.

మరీ ఎక్కువ అన్నానేమోనని ఆమెకే అనిపించింది. పెన్ను తీసుకుని కూడింది.

"ఎన్నొచ్చినయి?"

"ముప్పయి మూడు."

"ఎన్ని దాటితే భూపాలపల్లి పంపుతరు?"

"ఇరవై."

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. భయపడ్డాడనుకుంది.

"పరేషాన్ గాకు పెద్దయ్యా. మూత్రం లోపల్నే నిలిచి కిడ్నీలు ఖరాబు గాకముందే చెప్పుకున్నవు. మాత్రలున్నయి, చిన్న ఆపరేషనున్నది. మస్తు మంది మంచిగయి తిరుగుతుండ్రు."

"ఏడాది కింద లెక్క తీసినా ఇరవై దాటుండెనా?"

"గిన్ని బాధలు ఒక్కనాడే రావు గద. దాటే ఉంటది."

"అప్పుడు వస్తే?"

"అప్పుడు వస్తే ఇంక అల్కగ నయమయ్యేది."

ఆయన తల ఊపాడు. పాఠం అప్పజెప్పించుకున్నట్టు మెల్లగా, రెండుసార్లు.

బయట ఎవరో దగ్గుతున్నారు. వరస పెరుగుతోంది. జ్యోత్స్న కాగితం తిప్పింది. "ఇంకొక్కటే ఉన్నది. దీనికి మార్కుల్లేవు. బతికినన్ని దినాలు గీ బాధ గిట్లనే ఉంటదంటే నీ మనసుకు ఎట్లనిపిస్తది?"

ఆయన గింజలు ముట్టుకోలేదు.

"గదొక్కటి నాకు తెల్వది బిడ్డా, మిగిలినయన్ని మా బాపు రోజు చెప్తనే ఉండె, పన్నెండు దినాల కింద ఆయన పానం పోయేదాక నేనే ఇనకపోతి."