నల్లవంతెన దాటాక

“గోడలకి రెండు కోటింగులు, తలుపులకి ఎనామిల్, మేకుల కన్నాలకి లప్పం. అంతా కలిపి ఇరవై రెండు వేలు.” బాలగంగాధరంగారు కాగితం చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “మిగతా పద్దెనిమిది వేలకీ లెక్క నోటితో చెప్తాను. కాగితం మీద పెట్టే లెక్క కాదది.”

కృష్ణతేజ కుర్చీ అంచున కూర్చున్నాడు. పక్కన భార్య శ్రావ్య ఒళ్లో సంచీ పట్టుకుని నేలచూపులు చూస్తోంది. ఆయన ఇంట్లో అద్దెకున్న వాటా ఖాళీ చేసి వాళ్లు పదిహేను రోజులైంది. బండారులంకలో చూసుకున్న ఇంటికి సోమవారంలోగా అడ్వాన్సు కట్టకపోతే అది ఇంకొకరి పాలవుతుంది. ఇక్కడ దిగినప్పుడిచ్చిన నలభై వేలూ చేతికొస్తేనే ఆ అడ్వాన్సు. అందాకా సామాను ఒకచోట, మనుషులు స్నేహితుడి ఇంట్లో ఒకచోట.

“రంగులు మేం దిగేనాటికే వెలిసిపోయేయి బాబాయిగారూ. మేకులు మాత్రం నిజమే, ఆరు కొట్టేను. వాటికి పట్టుకోండి,” అన్నాడు కృష్ణతేజ.

“వెలిసిన గోడల కోసం నేను పేచీ పెట్టే మనిషినా? మీ అమ్మగారు పోయింది ధనిష్ఠా నక్షత్రంలో నాయనా. ఇంట్లో ప్రాణం పోతే ఆర్నెల్లు ఆ వాటా మూసిపెట్టాలి. శాంతి చేయించాలి, గోడలు గీకించి మళ్లీ రంగులు వేయించాలి. ఆర్నెల్ల అద్దె పోతోంది నాకు. ఆ పద్దెనిమిది వేలూ అందులో సగం కూడా కాదు.”

ఆయన అన్యాయస్థుడు కాడు. అదే వచ్చిన చిక్కు. ఊరందరికీ ముహూర్తాలు పెట్టే మనిషిని, సొంత ఇంటి దగ్గరకొచ్చేసరికి పంచాంగం పక్కన పెట్టమంటే పెడతాడా? అన్యాయం చేసేవాడితో పోట్లాడవచ్చు. నమ్మింది చేసేవాడితో ఏం పోట్లాడతాం?

“అమ్మ ఇంట్లో పోలేదండి. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆటోలో పోయింది. మళ్లీ మీ గుమ్మంలోకి తేలేదు కూడా, అటునుంచటే మా ఊరు తీసుకుపోయేం,” అన్నాడు కృష్ణతేజ.

అతనికి ఆ సంగతి శ్రావ్య ఫోన్లో చెప్పింది. ఆ రోజు అతను ఇంటర్ పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్లాడు. బాలగంగాధరంగారు ముక్తేశ్వరంలో హోమానికి వెళ్లారు. ఇంటిపట్టున ఉన్నది ఆడవాళ్లు ముగ్గురే.

బాలగంగాధరంగారు మాత్రం ఊరికే అనలేదు, ఆరా తీశారు. తెచ్చేసరికే ప్రాణం లేదని ఆస్పత్రి కాగితంలో ఉంది గానీ, ఎక్కడ పోయిందో లేదు. ఎదురింటివాళ్లను అడిగారు, మందుల కొట్టువాళ్లను అడిగారు. ఆటో పోలిరాజునైతే రెండుసార్లు అడిగారు. “ఆయ్, నేను ముందుకి చూసి నడుపుతానండి, వెనకాల సంగతి నాకేం తెలుసండి?” అన్నాడట వాడు.

“పిన్నిగారిని అడిగేరా?” అన్నాడు కృష్ణతేజ.

బాలగంగాధరంగారు తెల్లబోయారు. ఆటోలో శ్రావ్యకి తోడు వెళ్లింది ఆయన భార్య శారదాంబే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంట్లో పప్పు వండుతున్న సాక్షిని తప్ప అందరినీ అడిగారు ఆ పెద్దమనిషి.

శ్రావ్య గబుక్కున తలెత్తింది. శారదాంబ నిష్ఠ ఎవరికి తెలియదు? చందాలవాళ్లొస్తే లేనని చెప్పమని భర్త లోపల్నుంచి సైగ చేసినా, “ఉన్నారు, రానంటున్నారు” అని చెప్పే మనిషి. దోషమన్నా, మైల అన్నా ఆయన కంటే ఆవిడకే ఎక్కువ భయం. ఆవిడ నోరు విప్పితే ఈ నలభై వేలకీ నీళ్లొదులుకోవలసిందే అనిపించింది శ్రావ్యకి. పిన్నిగారిని ఇందులోకి లాగడం ఎందుకని, పోనీ ఎంతో కొంత ఇచ్చి సరిపెట్టమని నసిగింది. కృష్ణతేజ వినిపించుకోలేదు.

“మా ఆవిడ ఎలా చెబితే అలాగే. ఇంక రెండో మాట లేదు,” అని బాలగంగాధరంగారు లోపలికి కేకేశారు.

శారదాంబ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది. భర్త అడిగింది విని, కాసేపు బయట కొబ్బరిచెట్ల వైపు చూసింది. శ్రావ్య వైపు మాత్రం చూడలేదు.

“నల్లవంతెన దాటేక,” అంది. “నా ఒళ్లోనే తల పెట్టుకుంది. మంచినీళ్లడిగితే సీసా మూతతో పోసేను. ‘మావాడు అన్నం తిన్నాడో లేదో’ అంది. అంతే.”

ఆ మాట చెప్పి ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

తల్లి ఆఖరి మాట ఒకటుందని కృష్ణతేజకి ఇవాళే తెలిసింది. చివరి ఘడియలో దగ్గర లేకపోయానన్న బాధ నెలన్నరగా లోపల గడ్డకట్టి ఉంది. అది ఇప్పుడు ఒక్కసారిగా కరిగింది. పరాయి ఇంట్లో ఉన్నానని కూడా చూసుకోకుండా ఏడ్చేశాడు.

“నువ్వు నాకు చెప్పలేదేం?” అన్నాడు భార్యతో.

“ఆటో చప్పుడులో నాకు వినపడలేదండీ,” అంది శ్రావ్య.

బాలగంగాధరంగారు రంగుల కాగితం నాలుగు ముక్కలు చేశారు. మేకుల కన్నాలకి అయిదొందలు మాత్రం పట్టుకుని మిగిలిన డబ్బంతా తెచ్చి కృష్ణతేజ చేతిలో పెట్టారు. బయట పోతే ఇంటికి దోషం లేదని, వచ్చే నెలలోనే వాటా అద్దెకిచ్చుకుంటానని, ఏమీ మనసులో పెట్టుకోవద్దని చెప్పారు.

వెళ్లొస్తానని చెబుదామని శ్రావ్య వంటింట్లోకి వెళ్లింది. శారదాంబ అక్కడ లేదు. దేవుడి గది తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. స్టవ్ మీద పప్పు అడుగంటుతోంది. శ్రావ్య స్టవ్ కట్టేసి, చప్పుడు చేయకుండా బయటికి వచ్చేసింది.

తిరుగుదారిలో నల్లవంతెన దాటగానే కృష్ణతేజ బండి ఆపాడు.

“ఇక్కడేనా?”

శ్రావ్య తలూపింది. అతను చెప్పులు విడిచి, రోడ్డు పక్కన నిలబడి దణ్ణం పెట్టాడు. శ్రావ్య కూడా చేతులు జోడించింది, కాకపోతే వెనక్కి తిరిగి, తాము వచ్చిన ఇంటి వైపు.

ఆ రోజు ఆటో వచ్చేసరికే అత్తగారు ఇంట్లోనే, శారదాంబ ఒళ్లో కన్నుమూశారు.