పాలు పొంగేలోపు

వానకు కొండ జారినప్పుడల్లా ఆ ఇల్లు ఇనుపకాళ్ల మీద లేచి, గట్టినేల వెతుక్కుని కూర్చునేది. కూర్చున్న చోటల్లా వరహాలమ్మ పాలు పొంగించి మళ్లీ గృహప్రవేశం చేసేది. కిందటి నెల కంపెనీవాళ్లు ఇంటికి తెలివి పెంచి వెళ్లారు. ఇప్పుడు పాలు పొంగబోయేసరికి, ప్రమాదమనుకుని ఇల్లే పొయ్యి ఆర్పేస్తోంది.

"పాలు పొంగని ఇంట్లో ఎలాగుంటాం?" అంది మొగుడితో.

"బయటెట్టు," అన్నాడు సింహాద్రి దుప్పట్లోంచి.

వరహాలమ్మ వాకిట్లో మూడు రాళ్లు పేర్చి కట్టెలు వెలిగించింది. పొగ చూసి, అడవి అంటుకుందనుకుని ఇల్లు లేచింది. సింహాద్రితో సహా కొండెక్కసాగింది.

"ఒలే, ఇల్లెళ్లిపోతంది!" కిటికీలోంచి అరిచాడు.

పాలు పొంగాయి, తూర్పుకే. వరహాలమ్మ దణ్ణం పెట్టుకుంది.

"ఎక్కడ కూకుంటాదో సూసి కబురెట్టు," అని కేకేసింది. "ఇంకో పేకెట్ పాలు అట్టుకొస్తాను."