నెట్ బాగుచేసినవాడు

"నెట్ వచ్చేదాకా నువ్వా మేడ దిగేది లేదు!" అంటూ టైలరమ్మ గోడకున్న నిచ్చెనను లాగి అవతల పడేసింది.

కొట్టు మేడ మీద నిలబడ్డ మనిషి నోరు వెళ్ళబెట్టాడు. అతని భుజాన గోనెసంచి, అందులో రెండు బ్యాటరీలు. కొండ మీది కాలనీ మొత్తానికీ గాలిలోంచి నెట్ అందించే డిష్ ఆ మేడ మీదే ఉంది. అది మూగబోయి ఇరవై రోజులైంది.

"అక్కా, నేను..."

"అక్కా లేదు, చెల్లీ లేదు! ఇరవై రోజులుగా ఫోన్లు చేస్తుంటే మీ కంపెనీ నుంచి ఒక్కడు రాలేదు. ఇవాళ తీరిగ్గా వచ్చి, బాగుచేయకపోగా ఉన్న బ్యాటరీలు కూడా పీక్కుపోతావా?"

"చార్జింగ్ పోయిందక్కా. ఆఫీసులో మార్చి తెస్తా."

"తెస్తావు, తెస్తావు! మా అమ్మాయి నర్సింగ్ అప్లికేషన్‌కి ఇవాళ ఐదింటితో గడువు అయిపోతుంది. ఇప్పుడు మూడున్నర. నువ్వు తెచ్చేసరికి అది నా పక్కన కూర్చుని కాజాలు కుడుతూ ఉంటుంది!"

అమ్మాయి కొట్టు గుమ్మంలో కూర్చుని ఫోన్ వంకే చూస్తోంది. ఆ కొండ మీద సెల్‌ఫోన్‌లో మాట వినబడటమే గొప్ప, ఫారం ఎక్కదు. పొద్దున దిగి టౌనుకు వెళితే ఉన్న ఒక్క నెట్ సెంటరూ మూసి ఉంది. టైలరమ్మ భయమంతా నోట్లోంచి తిట్లుగా వస్తోంది.

పక్కింటి పాలాయన కర్ర పట్టుకొచ్చాడు. క్షణాల్లో వీధి వీధంతా పోగయింది.

"జీతాలు తీసుకుంటారు గానీ ఒళ్ళు వంచరు!"

"పైనే ఎండనివ్వండి, బుద్ధొస్తుంది!"

దూకి పారిపోదామా అన్నట్టు అతను అటూ ఇటూ చూశాడు. నాలుగు వైపులా జనమే. చేసేది లేక సంచి దించి, బ్యాటరీలు పెట్టెలో పెట్టాడు. ఏ తీగ ఎక్కడిదో తెలియక బుర్ర గోక్కున్నాడు.

"నీకెవడిచ్చాడయ్యా ఈ ఉద్యోగం!" టైలరమ్మ కిందినుంచే కత్తెర ఝళిపించింది.

అతను హడలిపోయి, తీగల చివర పచ్చగా పేరుకున్న చిలుమును బ్లేడుతో గీకి, ఎర్ర తీగ ఎర్ర గుర్తు దగ్గర, నల్ల తీగ నల్ల గుర్తు దగ్గర బిగించాడు. డిష్ కింద పచ్చ లైటు వెలిగింది.

"అమ్మా, వచ్చేసింది!" అమ్మాయి కేకపెట్టింది.

నాలుగూ పదికి అప్లికేషన్ వెళ్ళింది. టైలరమ్మ కళ్ళు తుడుచుకుని, నిచ్చెన మళ్ళీ గోడకు ఆనించింది. అయినా కోపం చల్లారలేదు.

"ఈ గీకుడేదో ఇరవై రోజుల కిందటే గీకి చావచ్చుగా!"

అతను దిగి పదడుగులు వేశాడో లేదో, ఒక బైకు దుమ్ము రేపుకుంటూ వచ్చి అడ్డంగా ఆగింది. కంపెనీ చొక్కా వేసుకున్న మనిషి రొప్పుతూ అరిచాడు.

"పట్టుకోండి వాణ్ణి! బ్యాటరీల దొంగ! బ్యాటరీ కదిపితే సెల్ సిగ్నల్ మీద మా ఆఫీసులో అలారం మోగుతుంది. మోగిన గంటలో వచ్చి వాలాను చూడండి!"

దొంగ తల వంచుకున్నాడు. టైలరమ్మ ముందు అతన్ని ఎగాదిగా చూసింది, తర్వాత కంపెనీ మనిషిని అంతకంటే ఎక్కువసేపు చూసింది.

"మేం ఇరవై రోజులు మొత్తుకుంటే రానివాడివి, అలారం మోగితే గంటలో వచ్చావా?"

"బ్యాటరీలు కంపెనీ ఆస్తి కదా మేడం. కంప్లైంట్లంటారా, అవి వరసలో ఉంటాయి."

టైలరమ్మ అతని బైకు హ్యాండిల్ కదలకుండా పట్టుకుని, దొంగ వైపు తిరిగింది.

"ఒరేయ్, నీ ఫోన్ నంబరిచ్చి పో. మళ్ళీ నెట్ పోతే కబురు చేస్తా, వచ్చి బ్యాటరీలు ఎత్తుకెళ్దువుగాని!"