గీత మీద ఆగాల్సిన పడవ

"వదినా, నేనే. గీతకి ఇంకా ఎంత దూరంలో ఉన్నాను?"

రేడియోలో మరిది గొంతు వినగానే ఆమెకి ఒంటికి కారం రాసినట్టయింది. గీత ఎంత దూరంలో ఉందో పడవలకి చెప్పడమే తీరం కాపలా గదిలో ఆమె ఉద్యోగం. రెండు దేశాల మధ్య సముద్రంలో గీసిన సరిహద్దు గీత నీళ్ళ మీద ఎవరికీ కనిపించదు. ఆమె ముందున్న తెర మీద మాత్రం ఎర్రగా కనిపిస్తుంది. చిన్న పడవలవాళ్ళు ఆమె ఆగమంటే ఆగుతారు, తిరగమంటే తిరుగుతారు.

"నీ పడవలో దారి చూపే యంత్రం ఉంది కదా. చూసుకో," అంది ముక్తసరిగా.

"పొద్దున్నే మొరాయించింది వదినా. నువ్వు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతా. ఇవాళ మాత్రం బారెడు కూడా దాటకూడదు."

ఇవాళ దాటకూడదట! చేపల మీద ఆశకొద్దీ ఆ రోజు దాటినప్పుడు ఈ బుద్ధి ఏమైంది? అవతలివాళ్ళ గస్తీ ఓడ కనబడగానే పక్క పడవలోకి దూకి పారిపోయొచ్చాడు పెద్దమనిషి. వల లాగుతున్న ఆమె కొడుకు వాళ్ళ చేతికి చిక్కి అక్కడి జైలుపాలయ్యాడు. అప్పట్నుంచీ ఆమె ప్రాణం ఆమె దగ్గర లేదు. చలిగాలి వీస్తే వాడికి కప్పుకోవడానికి ఏముందో అని దిగులు. ఫోన్ మోగితే వాడు పోయాడన్న కబురేనని గుండెదడ.

"వదినా, వింటున్నావా?"

"వింటున్నా. ఇంకా చాలా దూరం ఉంది. పోనియ్."

తెర మీద పడవ చుక్క అప్పటికే ఎర్రగీతకి దగ్గరపడింది.

పక్క కుర్చీలో పనిచేసే ఆవిడ తొంగి చూసింది. "అయ్యో, అదేంటే! ఆ పడవ గీత మీదకే పోతోంది. ఆపు!"

"నీ తెర నువ్వు చూసుకో తల్లీ. నా దానికి దిష్టి పెట్టకు."

"దొరికితే వాళ్ళు చితకబాదేస్తారే, పాపం!"

"పాపమా? కని పెంచిన కొడుకుని పోగొట్టుకున్నదాన్ని నేను. నా కడుపుకోత చూసి ఈ పడవవాడికి పాపం అనిపించిందా? తననీ ఆ నాలుగు గోడల మధ్య కూర్చోనీ. అక్కడి తిండి తిననీ. అప్పుడు తెలిసొస్తుంది."

"నీకు పిచ్చి పట్టింది. నేను ఆఫీసరుగారికి చెప్పొస్తా," అంటూ ఆవిడ జెట్టీ వైపు పరుగెత్తింది.

ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది.

"వదినా, ఎదురుగా వాళ్ళ ఓడ కనిపిస్తోంది. ఆపెయ్యనా?"

"అది ఎక్కడో ఉందిలే. ఓడ పేరు చెబితే చాలు, నీకు కాళ్ళు వణుకుతాయి. ఇంకాస్త ముందుకి పోనియ్."

అవతల ఇంజను వేగం పెరిగింది. "సరే వదినా. నీ మాట మీదే పోతున్నా."

 ఆ మాటకి, ఆగమని చెప్పబోయి మైకు మీట మీద వేలు పెట్టింది. కొడుకు మొహం గుర్తొచ్చింది. వేలు తీసేసింది. చుక్క ఎర్రగీతని దాటింది.

రేడియోలో సైరన్ మోత, పరాయి భాషలో కేకలు. మరిది అరుపు వినబడగానే ఆమె శబ్దం పెంచింది. ఏడు, గొంతు చించుకుని ఏడు అనుకుంది.

"వదినా! దాటేశానంట వదినా!"

"దాటావా? అయ్యో పాపం!" అంది వెటకారంగా. "ఇప్పుడెక్కడికి దూకి పారిపోతావు?"

"నా సంగతి వదిలెయ్! గీత మీద ఆగితేనే నీ కొడుకుని అప్పజెప్తామన్నారు, బారెడు దాటి వచ్చినా ఇవ్వం అన్నారు! ముందే చెబితే ఏమవుతుందోనని హడలి చస్తావని నేనే ఎవరినీ నీకు చెప్పనివ్వలేదు... అదిగో, ఓడ అంచున నిలబడి నాకేసి చెయ్యూపుతున్నాడు... వదినా, వాణ్ణి మళ్ళీ లోపలికి లాక్కుపోతున్నారు!"