లింగప్ప గుడిసె

ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు కదిరి ఆసుపత్రి డాక్టరు.

ఆ మాటకు, ఆరు నెలల్లో మొదటిసారి లింగప్ప ముఖంలో కొంచెం వెలుగు కనిపించింది. అతని భార్య నల్లమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకొని గోడవైపు తిరిగింది.

డ్యాము కట్టినన్నాళ్లూ రాళ్లు కొట్టిన మనిషి లింగప్ప. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుంది. చూపూ మసకబారింది. పిల్లలు లేరు. మిగిలిన కోరిక ఒక్కటే. ఆ పోయేదేదో ఆసుపత్రి వసారాలో కాకుండా, తన చేతులతో కట్టుకున్న గుడిసెలో పోవాలి.

బస్సు దిగి జట్కా ఎక్కారు. డ్యాము పక్కగా వెళుతుంటే, నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. ఎనభై మూడులోనూ వానలు మొహం చాటేశాయి. నీళ్లుండాల్సిన చోట మేకలు తిరుగుతున్నాయి.

"ఉండాయిలే, అడుగున" అంది నల్లమ్మ.

జట్కా దిగాక అతన్ని తడికకు ఆనించి నిలబెట్టి, పక్కకు వెళ్లి ఒక్క నిమిషంలో వచ్చింది. భుజం ఆసరా ఇచ్చి లోపలికి నడిపించింది.

మంచం తగలగానే లింగప్ప తడిమి చూశాడు. తను బిగించిన నులకే. చెయ్యి చాపితే మూలనున్న సమ్మెట తగిలింది. పెద్ద నిట్టూర్పు విడిచి వాలాడు.

పొయ్యి ముట్టించమన్నాడు. కాసేపు కానీలే అంది. కుండలో నీళ్లిమ్మన్నాడు. కుండ ఖాళీ. ఆసుపత్రి నుంచి తెచ్చిన సీసాలోంచి రెండు గుక్కలు పోసింది.

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది. ఎవరెవరో తొంగి చూస్తున్నారు. మంచం దగ్గరికి మాత్రం ఒక్కరూ రాలేదు. గొంతు తగ్గించి ఏదో అనుకుంటూ తప్పుకుంటున్నారు.

"కాలనీ అంతా వస్తాండారా?" అన్నాడు లింగప్ప.

"వస్తాండారు. నిన్ను చూసేకే."

"పక్కింటి ఎర్రప్ప?"

"వచ్చినాడు."

"మాట్లాడడేమి?"

"నిద్ర పట్టిందనుకోని పోయినాడు."

లింగప్ప నవ్వబోతే దగ్గొచ్చింది. అది తగ్గాక ఆమె చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"ఈడికి తెచ్చినావు. చాలు."

కళ్లు మూసుకున్నాడు. ఊపిరి మాత్రం ఆడుతూనే ఉంది. పొద్దు వాలకముందే అది ఆగిపోవాలని నల్లమ్మ దేవుణ్ణి వేడుకుంది. ఆ మాట మనసులోకి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మళ్లీ వేడుకుంది.

ఆగలేదు.

ఐదు కాగానే, లింగప్ప ఆసుపత్రిలో ఉండగా డ్యాము కూలీల కాలనీని కూల్చేసి గుర్తుగా మిగిల్చిన ఆ ఒక్క గుడిసె ముందుకు వాచ్‌మన్ సుంకన్న తాళంచెవులతో వచ్చి, తలెత్తకుండానే, "మ్యూజియం మూసే టయమైందక్కా, టికెట్టు కొన్నోళ్లంతా బయటికి రావాల" అన్నాడు.