ఎర్ర టిక్కు

"ఆ ప్రార్థన నా గురించే! నన్ను చర్చి పెద్దల్లో డీకనుగా ఎన్నుకున్నది అప్పుడే కదా," అన్నాడు కొడుకు బిస్కెట్టు నములుతూ.

"చాల్లెండి సంబడం. మన బుజ్జిగాడు కడుపున పడ్డదీ అప్పుడే," అంది అతని భార్య.

"నా మోకాలి నొప్పి తగ్గిందీ అప్పుడేనమ్మా," పక్కింటి పిన్నిగారు కాలు చాపి మరీ చూపించింది.

పొద్దున బాప్తిస్టు చర్చిలో ముసలావిడ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టరుగారు ఒక సంగతి చెప్పారు. కొన్నేళ్ళ కిందట ఓ ఆదివారం ఆవిడ ఉన్నట్టుండి లేచి నిలబడి, "ఏళ్ళ తరబడి చేసిన ప్రార్థన దేవుడు విన్నాడు, స్తోత్రం!" అని ఆనందంతో ఏడ్చిందట. పిల్లలందరికీ కేకులు పంచిందట. ఏ ప్రార్థనో మాత్రం చెప్పలేదట. తగువంతా దాని గురించే.

ఆవిడ ప్రార్థనంటే మాటలా! మోకాళ్ళు ఆనించీ ఆనించీ మంచం పక్కన గచ్చు రెండు గుంటలు పడింది. ఇల్లు కడిగిన రోజు పిల్లి వాటిలో నీళ్ళు తాగేది. పొయ్యి మీద కూర పెట్టి మోకరిస్తే గిన్నె మాడేది, మాడిన గిన్నె కోసం మళ్ళీ ఇంకో ప్రార్థన.

కూతురు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. బాప్తిస్మం తీసుకోనన్న పెయింటరును చేసుకున్నాక ఆ ఇంట్లో అడుగు పెట్టడం ఇదే మొదలు. "నీళ్ళలో మునిగితే అల్లుడు, మునక్కపోతే దారిన పోయేవాడు," అని అప్పట్లో తల్లి తేల్చేసింది.

"అమ్మ నన్నెప్పుడైనా తలుచుకుందా అన్నయ్యా?"

"నీ పేరే ఎత్తనిచ్చేది కాదు."

"మా ఆయన నిచ్చెన మీంచి పడి చనిపోయినప్పుడు కూడానా? జూన్ పద్నాలుగు పొద్దున పోయారు. మధ్యాహ్నానికల్లా మీకు కబురు పంపాను. పెట్టె మూసేదాకా గుమ్మం వంకే చూశాను."

అన్నయ్య తల దించుకున్నాడు. "కబురందింది. వినగానే గదిలోకెళ్ళి తలుపేసుకుంది. నీ కోసం కుమిలిపోతోందనుకున్నాం."

వదిన గబుక్కున లేచింది. "అత్తయ్య ప్రార్థన పుస్తకం ఉందిగా! దేవుడు విన్నవాటికి ఎర్ర టిక్కు పెట్టి, పక్కన ఆ రోజు తేదీ వేసేది. చూస్తే పోలా!"

దిండు కింద నుంచి తెచ్చి తిరగేశారు. 'పెద్దాడికి కోపం తగ్గాలి.' టిక్కు లేదు. 'కోడలికి నోరు తగ్గాలి.' దానికీ లేదు. పిన్నిగారి మోకాలు అసలు పుస్తకంలోకే ఎక్కలేదు. ముగ్గురి మొహాలూ మాడిపోయాయి.

"నా మాటేమన్నా ఉందేమో చూడన్నయ్యా. ఒక్కసారి రాసినా చాలు," అంది కూతురు.

కళ్ళజోడు లేని అన్నయ్య పుస్తకాన్ని దూరంగా పెట్టి పేజీలు తిప్పాడు. "ఉందే పిచ్చిదానా! చిన్నది, చిన్నది... ప్రతి పేజీలో మొదటి మాట నువ్వే! ఇదిగో, టిక్కు కూడా నీదే!"

ఆమె పుస్తకాన్ని లాక్కుని గుండెలకు హత్తుకుంది. "అమ్మ నన్ను వదల్లేదు," అని వెక్కి వెక్కి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని ఆ పేజీ తీసింది.

'చిన్నదాన్ని వాడి నుంచి విడిపించు ప్రభువా.'

పక్కన ఎర్ర టిక్కు.

తేదీ, జూన్ పద్నాలుగు.