మూడో అంతస్తు రంగులు

"కత్తిరించు," అన్నాడు అపార్ట్‌మెంట్ల అసోసియేషన్ సెక్రటరీ.

వాచ్‌మన్ చేతిలో కత్తెర ఉంది గానీ చెయ్యి లేవలేదు. బాల్కనీ గుమ్మానికి అడ్డంగా మూడో అంతస్తు టైలరమ్మ రెండు చేతులూ చాపి నిలబడింది.

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క గంట ఆగండి."

"మూడు నోటీసులిచ్చాం. పన్నెండు బ్లాకులూ బయటికి ఒక్కలా ఉండాలని మీటింగులో అందరూ చేతులెత్తారు. మీదొక్కటే ఇలా సంతలా తగలడింది!"

నిజంగానే సంతలా ఉంది. ఎర్రవీ పసుపువీ గుడ్డపీలికలు జడల్లా అల్లి కటకటాల పొడుగునా వేలాడదీసింది. వందల గుండీలు గుచ్చి తెర కట్టింది. పాత సైకిల్ చక్రానికి మెరుపు అంచులు చుట్టి పైన బిగించింది. గోడకి నారింజ రంగు, కంట్లో పొడిచేట్టు.

"నా బాల్కనీ సార్. నా ఇష్టం."

"మీ ఇష్టాలు లోపల పెట్టుకోండి. బయటికి కనిపించేది అసోసియేషన్‌ది."

"అలాగే. నేనే తీసేస్తాను. చీకటి పడనివ్వండి, అంతే."

"గంటలో ఏం కొంప మునుగుతుంది? కారణం చెప్పండి, ఆగుతాను."

ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

సెక్రటరీ కత్తెర లాక్కుని, ఆమెని పక్కకి తప్పించి, తనే మొదలుపెట్టాడు. పీలికలు కుప్పగా పడ్డాయి. గుండీలు టపటపా రాలి గదంతా దొర్లాయి. వెంట తెచ్చిన పెయింటర్ నారింజ గోడ మీద మిగతా బాల్కనీల రంగే పట్టించాడు. అరగంటలో ఆ బాల్కనీ ఏదో పోల్చుకోలేనట్టు అయిపోయింది.

టైలరమ్మ గడియారం వైపు చూసింది. ఐదుంపావు. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

"ఎవరికి చెప్పుకుంటుందో చెప్పుకోనీ," అన్నాడు సెక్రటరీ.

అదే మెట్ల దారిలో మొదటి అంతస్తు అతనిది. అసోసియేషన్ ఆఫీసులో లెక్కలు చూసుకుని, ఆరు దాటాక ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడో లేదో, భార్య గాభరాగా ఎదురొచ్చింది.

"ఏవండీ, అత్తయ్య ఇంకా రాలేదు. రోజూ ఐదున్నరకల్లా పార్కు నుంచి వచ్చేస్తారు. ఆరున్నరవుతోంది. ఫోను ఇక్కడే వదిలేశారు."

పార్కులో ఎవరూ లేరు. మందుల షాపులో చూడలేదన్నారు. రోడ్డు మీద ఆటోవాళ్ళని అడిగాడు, బస్టాపులో అడిగాడు. "తెల్ల జుట్టు, నీలం చీర, పొట్టిగా ఉంటుంది" అని చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. ఎక్కడో బండి బ్రేకు కీచుమంటే అటు పరుగెత్తాడు.

తిరిగొచ్చేసరికి ముందు గేటు దగ్గర టైలరమ్మ నిలబడి ఉంది.

"అమ్మగారు రాలేదా సార్? ఇటు రాలేదు, నేను కదలకుండా ఇక్కడే ఉన్నాను. వెనక గేటు చూశారా?"

ఈమెకెలా తెలుసని అడగడానికి కూడా ఓపిక లేదతనికి. ఇద్దరూ వెనక గేటు వైపు పరుగెత్తారు. అక్కణ్ణించి ఒక్కో బ్లాకూ వెతుక్కుంటూ, ఒక్కో మెట్ల దారీ ఎక్కి దిగుతూ.

ఎనిమిదో బ్లాకు మెట్ల మీద దొరికింది. మోకాలు చెక్కుకుపోయింది. ఒక కాలికి చెప్పు లేదు. ఎవరో మంచినీళ్ళు తాగిస్తున్నారు.

"మా ఇల్లే ఇది అని మూడుసార్లు తలుపు కొట్టారండీ పాపం."

"అమ్మా!" సెక్రటరీ ఆమె ముందు చతికిలబడ్డాడు.

ఆమె కొడుకు ముఖం తడిమి చూసింది. "ఒరేయ్, మనిల్లు ఎక్కడ పెట్టార్రా? అన్నీ ఒక్కలానే ఉన్నాయి. రంగుల బాల్కనీ కింద మెట్లెక్కితే మన తలుపు వచ్చేస్తుంది కదా. ఆ రంగులు కనిపించలేదురా. ఎక్కాను, దిగాను. ఎన్నిసార్లో."

అతను తల్లిని గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత లేచి టైలరమ్మకి చేతులు జోడించాడు.

"అమ్మా, నన్ను క్షమించండి. మా అమ్మకి మీ బాల్కనీయే కొండగుర్తని నాకు తెలీదు. రేపే మళ్ళీ కట్టుకోండి. మీ అభిరుచికి ఇంకెవరు అడ్డమొస్తారో నేను చూస్తాను."

టైలరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నా అభిరుచేంటి సార్! ఆ రంగులు చూస్తే నాకే తలనొప్పి. 'ఇల్లు గుర్తుండట్లేదమ్మాయ్, మా వాడికి చెప్పకు, తెలిస్తే గడప దాటనివ్వడు' అని నా చేత ఒట్టు వేయించుకుని, ఏ రంగు ఎక్కడో దగ్గరుండి కట్టించుకున్నది మీ అమ్మగారే."